బంగారు అమ్మాయిలు – 4వ భాగం: వ్రాత్సా నుంచి సియోల్ దాకా

మరియా గిగోవా 1969లో వార్నాలో, 1971లో హవానాలో, 1973లో రోటర్‌డామ్‌లో వరసగా మూడు ప్రపంచ టైటిళ్లు గెలిచి, రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో బల్గేరియాకు పెద్దపీట వేయించిన కథ గత భాగంలో వచ్చింది. ఆమె తప్పుకున్నాక మిగిలిన వెలితి కూడా అక్కడే కనిపించింది. 1975లో మాడ్రిడ్‌కు తూర్పు శిబిరపు బలమైన జట్లు వెళ్లలేదు. టైటిల్ పశ్చిమ జర్మనీ అమ్మాయి కార్మెన్ రిషర్‌కు దక్కింది. 1977లో బాసెల్‌లో సోవియట్ యూనియన్ మళ్లీ పైచేయి సాధించింది. ఆ దేశానికి కిరీటం తెచ్చిన ఇరీనా దెర్యుగినాకు తల్లి అల్బినాయే కోచ్. కీవ్‌లో ఆ తల్లీకూతుళ్లు పెంచిన శిక్షణ సంప్రదాయం తర్వాత పదిహేనేళ్ల పాటు బల్గేరియాను కుదురుగా ఉండనివ్వలేదు.

1978 మార్చి 16న సోఫియా నుంచి వార్సాకు బయల్దేరిన బాల్కన్ విమానయాన సంస్థ టీయూ-134 విమానం గాలిలోకి లేచిన కొద్దిసేపటికే వ్రాత్సా ప్రాంతంలో కూలిపోయింది. విమానంలో ఉన్న 73 మందిలో ఒక్కరూ బతకలేదు. చనిపోయినవారిలో జూలియెటా షిష్మానోవా ఉంది. గిగోవాను తీర్చిదిద్దిన కోచ్, బల్గేరియాలో ఈ ఆటకు పునాది వేసిన మనిషి ఆమె. ఆమెతో పాటు అల్బేనా పెట్రోవా, జాతీయ జట్టు అమ్మాయిలు రుమ్యానా స్తెఫనోవా, వాలెంతీనా కిరిలోవా, సెవ్దలీనా పొపోవా, స్నెజానా మిహైలోవా కూడా పోయారు. దర్యాప్తు వివరాలు ఏళ్ల తరబడి జనానికి అందలేదు. ప్రభుత్వం నోరు విప్పని చోట పుకార్లు పుడతాయి. వ్రాత్సా ప్రమాదం చుట్టూ అల్లుకున్న కథలు నేటికీ బల్గేరియాలో వినిపిస్తూనే ఉంటాయి. ఆ కథల మాట ఎలా ఉన్నా ఒకటి మాత్రం నిజం. ఒక దేశపు క్రీడా విద్యకు తల్లివేరు లాంటి మనిషి, ఆమె చేతి కింద ఎదిగిన అమ్మాయిలు ఒకే రోజు లేకుండా పోయారు.

ఇక భారమంతా షిష్మానోవా శిష్యురాలు నెష్కా రొబేవా మీద పడింది. డాన్యూబ్ ఒడ్డున ఉన్న రూసె పట్టణంలో 1946లో పుట్టిన రొబేవా సోఫియాలోని ప్రభుత్వ నాట్య పాఠశాలలో బ్యాలే చదివింది. జిమ్నాస్టిక్స్‌లోకి కాస్త ఆలస్యంగానే వచ్చింది. వచ్చాక ప్రపంచ పోటీల స్థాయికి ఎదిగింది, ఆట మానేసి 1974లో కోచ్ అయింది. ఆమె మనసు మాత్రం చివరిదాకా నాట్యం వైపే మొగ్గింది. 1999లో జిమ్నాస్టిక్స్ వదిలాక జానపద నృత్యాల బృందాన్ని కట్టి వేదికలెక్కడం అందుకు నిదర్శనం. క్రీడాకారిణి పరికరం పట్టుకుని చేసే విన్యాసాన్ని ఆమె ఒకటిన్నర నిమిషంలో ముగిసే నాటకంలా చూసింది. దానికి ఎత్తుగడ ఉండాలి, మలుపు ఉండాలి, ఊహకందని ముగింపు ఉండాలి. చూసేవాళ్లు ఊపిరి తీసుకునే సందు దొరకకూడదు. బల్గేరియన్ శైలి అని ఆ తర్వాత పేరుపడినది ఇదే.

ఆ శైలి గొప్పతనం తెలియాలంటే ఆనాటి ఆట నియమాలు కొంత తెలియాలి. పన్నెండు మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న తివాచీ మీద ఒక్కో అమ్మాయి నిమిషం నుంచి నిమిషన్నర వరకు ఆడాలి. తాడు, హూప్, బంతి, క్లబ్బులు, రిబ్బన్ అని మొత్తం ఐదు పరికరాలు. ఏ ఏడాది ఏ నాలుగు ఆడాలో అంతర్జాతీయ సమాఖ్య ముందే చెబుతుంది. పరికరం చేతిలో నిశ్చలంగా ఉండిపోకూడదు. తిరుగుతూనో, దొర్లుతూనో, ఎగురుతూనో ఉండాలి. రిబ్బన్ ఆరు మీటర్ల పొడవు ఉంటుంది. దాని కొస నేలకు అంటుకున్నా, ముడిపడినా మార్కు పోతుంది. నాలుగు పరికరాల మార్కుల మొత్తాన్ని బట్టి ఆల్‌రౌండ్ విజేత తేలుతుంది. ఆ తర్వాత ఒక్కో పరికరానికీ వేరుగా ఫైనల్ ఉంటుంది. దుస్తులు ఒంటికి అతుక్కునే సాదా లియోటార్డులు. తళుకులు, కుచ్చులు అప్పటికింకా రాలేదు. సంగీతం కూడా ఒకే వాద్యం మీద, ఎక్కువగా పియానో మీదే నడిచేది. నేడు చూసే మెరుపు దుస్తులు, పాటలు, వాద్యబృందాల హోరు ఏవీ లేకుండా ఒక అమ్మాయి, ఒక పరికరం, ఒక పియానో మాత్రమే ఉన్న ఆ కాలపు రికార్డింగులు చూస్తే ఆట మరింత నగ్నంగా, మరింత కష్టంగా కనిపిస్తుంది. తప్పు దాచుకోవడానికి అక్కడ చోటు లేదు.

కీవ్‌లో, మాస్కోలో సోవియట్ కోచ్‌లు బ్యాలే గీతను నమ్ముకున్నారు. చాచిన కాలు, వంచిన వీపు, నెమ్మదిగా విచ్చుకునే కదలిక వాళ్ల బలం. రొబేవా వేగాన్ని నమ్ముకుంది. పరికరాన్ని పైకి విసిరి, అది దిగేలోపు రెండు మూడు పనులు చేయించి, చూపు అటు లేకుండానే పట్టించేది. ఒక్కోసారి చేత్తో కాక కాలితో పట్టించేది. ఇందులో జూదం ఉంది. విసిరినది వేలెడు పక్కకు పోతే ఏడాది కష్టం నేలపాలవుతుంది. అందుకే వందలసార్లు కాదు, వేలసార్లు చేయించడమే ఆమె ఎరిగిన మందు.

ఆ సాధన జరిగిన తీరు చెప్పుకోకుండా పతకాల జాబితా ఒక్కటే చెబితే చరిత్ర సగమే అవుతుంది. 1980ల బల్గేరియా జనాభా తొంభై లక్షలకు మించదు. తోడోర్ జివ్కోవ్ నాయకత్వంలోని కమ్యూనిస్టు ప్రభుత్వం క్రీడలను దేశం ముఖచిత్రంగా చూసింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో, కుస్తీలో మగవాళ్లు తెచ్చే పేరును జిమ్నాస్టిక్స్‌లో అమ్మాయిలు తెచ్చారు. లెవ్‌స్కీ, సైన్యపు క్లబ్బు, స్లావియా వంటి సోఫియా క్లబ్బులు ఊరూరా బడుల్లో చిన్నపిల్లలను చూసి ఏరుకునేవి. కాళ్లు పొడవుగా, వేళ్లు చురుగ్గా, వెన్ను మెత్తగా ఉన్న పిల్ల కనిపిస్తే ఇంటికి కబురు వెళ్లేది. తల్లిదండ్రులకు దాంట్లో ఆశా ఉంది, భయమూ ఉంది. సామాన్యుడికి పశ్చిమ దేశాల గడప తొక్కే వీలు లేని రోజులవి. విదేశీ సరుకు కావాలంటే విదేశీ డబ్బుతో కోరెకోమ్ దుకాణాల్లో కొనుక్కోవాలి. ఆ డబ్బు చేతిలో ఉన్నవాళ్లే తక్కువ. అలాంటి దేశంలో పదిహేనేళ్ల పిల్ల పారిస్‌నూ టోక్యోనూ చూసి రాగలిగే దారి ఈ తివాచీ ఒక్కటే.

దానికి చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. ఉదయం మొదలైన సాధన సాయంత్రం దాకా సాగేది. రోజూ తూకం, తూకానికి తగ్గ తిండి, దాహం వేసినా కొలిచి తాగడం ఆనాటి శిక్షణలో భాగాలు. కొందరు ఆ రోజుల గురించి తర్వాత బహిరంగంగా బాధతో మాట్లాడారు. అదే కాలాన్ని జీవితంలో అత్యుత్తమమైనదిగా తలుచుకున్నవాళ్లూ ఉన్నారు. రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. తివాచీ మీద కనిపించిన అందం వెనక ఆకలి ఉందన్న సంగతి ఆ అందాన్ని అబద్ధం చేయదు. ఆ అందం ఉందని ఆకలిని మరిచిపోవడం మాత్రం న్యాయం కాదు.

వ్రాత్సా ప్రమాదానికి మరుసటి ఏడాది లండన్ ప్రపంచ పోటీల్లో టైటిల్ మళ్లీ దెర్యుగినాదే. బల్గేరియా కోలుకోదేమో అనుకున్న వాళ్లకు 1980లో ఆమ్‌స్టర్‌డామ్ జవాబు చెప్పింది. అక్కడ జరిగిన యూరోపియన్ పోటీల్లో ఇలియానా రాయెవా ఆల్‌రౌండ్ విజేత అయింది. రాయెవా ఆటలో తెగువ ఎక్కువ. తివాచీ మీదికి వచ్చే నడకలోనే ఎదుటివాళ్లను లెక్కచేయని ధీమా కనిపించేది. ఆ ధీమా ఆమెకు జీవితాంతం పనికొచ్చింది. చాలా ఏళ్ల తర్వాత బల్గేరియా రిథమిక్ జిమ్నాస్టిక్స్ సమాఖ్య అధ్యక్షురాలైంది. ఆ ఘట్టం ఈ ధారావాహికలో తర్వాత వస్తుంది.

రాయెవా తెరిచిన దారిలో అనేలియా రాలెంకోవా దూసుకొచ్చింది. 1981లో మ్యూనిక్‌లో ప్రపంచ టైటిల్, 1982లో స్తావాంగర్‌లో యూరోపియన్ టైటిల్ గెలిచింది. రొబేవా కోరుకున్న వేగానికి రాలెంకోవాయే మొదటి సంపూర్ణ రూపం. పరికరం ఆమె చేతిని వదిలేది ఎప్పుడో, మళ్లీ చేరేది ఎప్పుడో కంటికి పట్టేది కాదు. మ్యూనిక్‌లో బృంద పోటీలో కూడా బల్గేరియాయే గెలిచింది. అప్పట్లో బృందంలో ఆరుగురు ఉండేవారు. 1981 నుంచి 1987 దాకా జరిగిన నాలుగు ప్రపంచ పోటీల్లోనూ ఆ ఆరుగురి స్వర్ణం సోఫియాకే వెళ్లింది. వ్యక్తిగత తారల వెలుగులో బృందాల పేర్లు మరుగున పడ్డాయి కానీ, ఆరుగురు ఒకే శ్వాసతో కదలడం ఒక్కరు మెరవడం కంటే ఏ విధంగానూ తక్కువ కాదు. బల్గేరియాలో బంగారు అమ్మాయిలు అన్న పిలుపు ఒక్కరికి కాక అందరికీ కలిపి స్థిరపడటం సబబే.

ఇక్కడ ఈ దశాబ్దపు అసలు విషయం మొదలవుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. బల్గేరియా అమ్మాయిలకు రచ్చ గెలవడం కంటే ఇంట గెలవడమే కష్టమైపోయింది. ప్రపంచ పోటీల ఆల్‌రౌండ్‌కు ఒక్కో దేశం నుంచి ముగ్గురికే చోటు. పరికరాల ఫైనల్‌కైతే ఇద్దరికే. సోఫియా హాల్లో మాత్రం ప్రపంచ విజేత కాగలిగినవాళ్లు ఒకేసారి నలుగురైదుగురు సాధన చేస్తుండేవారు. ఒకరి ఎత్తుగడ మరొకరికి రోజూ కనిపిస్తుంది. ఒకరు కొత్త విసురు కనిపెడితే ఇంకొకరు వారంలో దాన్ని మించాలని చూస్తారు. సోవియట్ ప్రత్యర్థులు ఏడాదికి కొద్దిసార్లే ఎదురవుతారు. పక్కన సాధన చేస్తున్న అమ్మాయి ప్రతి ఉదయం ఎదురవుతుంది. ఈ జట్టును ఆ ఎత్తుకు చేర్చింది ప్రభుత్వ సొమ్మో, కోచ్ కాఠిన్యమో మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ హాల్లో తమలో తమకు జరిగిన పోటీయే వాళ్లకు అన్నిటికంటే పెద్ద గురువు.

అందుకు మంచి ఉదాహరణ దిలియానా గెయోర్గియెవా, లిలియా ఇగ్నాతోవా. ఇద్దరూ 1965లోనే పుట్టారు. 1983లో స్ట్రాస్‌బర్గ్‌లో గెయోర్గియెవా ప్రపంచ టైటిల్ గెలిచింది. అదే ఏడాది బెల్‌గ్రేడ్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్లో ఇగ్నాతోవా గెలిచింది. గెయోర్గియెవా ఆట గీత గీసినట్టు ఉంటుంది. శరీరం ఎంత వంగినా పరికరం ఉండాల్సిన చోటే ఉంటుంది, నరం తొణకదు. ఇగ్నాతోవాది వేరే లోకం. ఆమెకు సంగీతం చెవిలోంచి కాక ఒంట్లోంచి పుట్టినట్టు అనిపిస్తుంది. చేతి వేళ్ల చివరి దాకా నడకా లయా ఉంటాయి. ప్రపంచ కప్‌ను ఆమె 1986లో టోక్యోలో రెండోసారి గెలిచింది. ప్రపంచ పోటీల ఆల్‌రౌండ్ స్వర్ణం మాత్రం ఆమెకు ఎన్నడూ అందలేదు. ఆ దశాబ్దపు అభిమానుల్లో ఎవరిని కదిపినా మొదట చెప్పే పేర్లలో ఆమె పేరు ఉంటుంది. పతకాల పట్టికలో మాత్రం ఆమె స్థానం సహచరుల కంటే ఒక మెట్టు కిందే. పట్టిక చూసి ఈ కాలాన్ని అంచనా వేయాలనుకునేవారు ఇగ్నాతోవా రిబ్బన్ విన్యాసం ఒక్కటి చూస్తే చాలు, పట్టిక ఎంత చెప్పలేదో తెలిసిపోతుంది.

1984 ఈ తరానికి తగిలిన దెబ్బ. రిథమిక్ జిమ్నాస్టిక్స్‌కు ఒలింపిక్స్‌లో చోటు దొరకడం అదే మొదటిసారి. వ్యక్తిగత ఆల్‌రౌండ్ ఒక్కటే పెట్టారు, బృంద పోటీ ఇంకా రాలేదు. రాలెంకోవా, గెయోర్గియెవా, ఇగ్నాతోవా ముగ్గురూ మంచి ఊపు మీద ఉన్న సమయం. సోవియట్ యూనియన్ మే 8న లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ను బహిష్కరిస్తున్నట్టు ప్రకటించింది. మరునాడే బల్గేరియా దాని వెంట నడిచింది. నాలుగేళ్ల ముందు మాస్కోకు అమెరికా రాకపోవడానికి ఇది బదులు. ఈ లెక్కల్లో జిమ్నాస్ట్‌ల ఊసే లేదు. ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో కెనడా అమ్మాయి లోరి ఫంగ్ 57.950 మార్కులతో స్వర్ణం గెలిచింది. బహిష్కరణను ధిక్కరించి వచ్చిన రొమేనియాకు చెందిన దోయినా స్తైకులెస్కు 57.900తో రజతం, పశ్చిమ జర్మనీకి చెందిన రెగినా వెబర్ కాంస్యం అందుకున్నారు. ఫంగ్ గెలుపును తక్కువ చేసి చూడటం సరికాదు. వచ్చినవాళ్లలో ఎవరూ ఆమెను మించలేదు. ఆ ఏడాది ప్రపంచంలో ఎవరు మొదటివాళ్లో తేల్చే పోటీ మాత్రం అది కాలేకపోయింది.

తూర్పు దేశాలు బదులుగా ఏర్పాటు చేసుకున్న స్నేహ క్రీడల్లో రిథమిక్ జిమ్నాస్టిక్స్ వంతు సోఫియాకు వచ్చింది. అదే ఆగస్టులో సొంత ఊరి జనం ముందు బల్గేరియా అమ్మాయిలు, గలీనా బెలొగ్లజోవా, దాలియా కుత్కైతే వంటి సోవియట్ క్రీడాకారిణులు తలపడ్డారు. ఆట నాణ్యతలో అది లాస్ ఏంజెలెస్‌కు తీసిపోదు, మించే ఉంటుంది. చరిత్ర మాత్రం దాన్ని ఒలింపిక్స్‌గా లెక్కించదు. జిమ్నాస్ట్ జీవితంలో ఒలింపిక్ వయసు ఒక్కసారే వస్తుంది. 1988 నాటికి రాలెంకోవా, గెయోర్గియెవా, ఇగ్నాతోవా ముగ్గురూ ఆట నుంచి తప్పుకున్నారు. ఈ ఆటకు ముఖచిత్రంగా నిలిచిన ముగ్గురిలో ఒక్కరి మెడలోనూ ఒలింపిక్ పతకం లేకపోవడానికి ప్రతిభ లోపం కారణం కాదు. రెండు రాజధానుల్లో కూర్చున్న పెద్దలు పట్టిన పంతం కారణం.

1985లో స్పెయిన్‌లోని వయ్యదొలీద్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. ఆల్‌రౌండ్‌లో మొదటి మూడు స్థానాలూ బల్గేరియావే. గెయోర్గియెవా రెండోసారి విజేత, ఇగ్నాతోవా రెండోస్థానం, మూడోస్థానంలో బియాంకా పానోవా అనే పదిహేనేళ్ల అమ్మాయి. ఎవరికి ఏ పతకం అన్నది అక్కడికి రాకముందే సోఫియాలో సగం తేలిపోయిందని చెప్పుకోవచ్చు.

పానోవా 1970లో సోఫియాలో పుట్టింది. సన్నని ఒళ్లు, పెద్ద కళ్లు, ముఖంలో చిన్నపిల్ల అమాయకత్వం. తివాచీ ఎక్కితే మాత్రం ఆమెలో పొరపాటనే పదార్థమే లేనట్టు ఉండేది. రాలెంకోవా వేగం, గెయోర్గియెవా కచ్చితత్వం ఒకే శరీరంలో చేరితే ఎలా ఉంటుందో పానోవా అలా ఆడింది. 1987లో ప్రపంచ పోటీలు మళ్లీ వార్నాకు వచ్చాయి. నల్లసముద్రపు ఒడ్డున ఉన్న ఆ నగరంలోనే పద్దెనిమిదేళ్ల క్రితం గిగోవా మొదటి టైటిల్ గెలిచింది. పానోవా ఆల్‌రౌండ్‌లో నాలుగు పరికరాలకూ నాలుగు పదులు తెచ్చుకుంది. పరికరాల ఫైనల్స్‌లో మళ్లీ నాలుగుసార్లు తివాచీ ఎక్కింది. నాలుగుసార్లూ పదే. ఎనిమిది విన్యాసాలు, ఎనిమిది పదులు. ప్రపంచ పోటీల్లో అంతకు ముందెవరూ చేయని పని అది. గిన్నిస్ పుస్తకం ఆమె పేరు రాసుకుంది.

ఆ పదుల వెనక ఒక చిక్కు కూడా దాగి ఉంది. అంకెకు పది అనే పైకప్పు ఉన్నప్పుడు ఆ కప్పును తాకినవాళ్లందరూ సమానమే. వార్నా నాటికి ఆ కప్పును తాకగలిగినవాళ్లు పెరిగిపోయారు. సోఫియాలో పానోవాతో పాటు అద్రియానా దునావ్‌స్కా, ఎలిజబెత్ కొలేవా ఉన్నారు. మిన్‌స్క్‌లో ఇరీనా లెపార్‌స్కయా దగ్గర మరీనా లోబాచ్, కీవ్‌లో దెర్యుగినాల దగ్గర అలెక్సాంద్రా టిమోషెంకో తయారవుతున్నారు. 1988 వసంతంలో హెల్సింకీలో జరిగిన యూరోపియన్ పోటీలతో ఈ చిక్కు బయటపడింది. దునావ్‌స్కా, కొలేవా, టిమోషెంకో ముగ్గురి మొత్తాలూ సమానం. ఆల్‌రౌండ్ స్వర్ణం ముగ్గురికీ పంచారు. ముగ్గురినీ వరసగా చూసిన ప్రేక్షకుడికి ముగ్గురూ ఒకేలా ఆడారని అనిపించదు. దునావ్‌స్కాలో నాట్యం ఎక్కువ, టిమోషెంకోలో గీత ఎక్కువ, కొలేవాలో పరికరంతో ఆటలాడే చురుకు ఎక్కువ. ఆ తేడాను పట్టుకునే అంకె మాత్రం జడ్జీల చేతిలో లేదు.

సెప్టెంబరులో సియోల్ ఒలింపిక్స్‌కు ఒక దేశం నుంచి ఇద్దరే వెళ్లాలి. దునావ్‌స్కా, పానోవా వెళ్లారు. నాలుగు నెలల క్రితం యూరప్ విజేతగా మెడలో స్వర్ణం వేసుకున్న కొలేవా వెళ్లలేదు. వేరే ఏ దేశంలో పుట్టినా ఆమె ఆ దేశానికి మొదటి పేరు అయ్యేది. ఈ దశాబ్దంలో సోఫియా హాలు మింగేసిన అవకాశాల్లో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

సియోల్ లెక్క ఇలా ఉంది. ప్రాథమిక రౌండ్లో తాడు, హూప్, క్లబ్బులు, రిబ్బన్ నాలుగింటికి కలిపి గరిష్ఠంగా 40 మార్కులు. అందులో సగం ఫైనల్‌కు వెంట వస్తుంది. ఫైనల్లో మళ్లీ నాలుగు పరికరాలు, మళ్లీ 40. మొత్తం 60. అంటే ప్రాథమిక రౌండ్లో పోయిన మార్కు సగమై ఫైనల్ దాకా వెంటాడుతుంది, దాన్ని తర్వాత ఎంత బాగా ఆడినా పూడ్చుకోలేరు. పది దాటి మార్కు లేదు కదా. పానోవాకు దెబ్బ తగిలింది అక్కడే. ఏడాది క్రితం ఎనిమిదిసార్లు ఎక్కి ఎనిమిదిసార్లూ తప్పు చేయని అమ్మాయి చేతిలోంచి ప్రాథమిక రౌండ్లో క్లబ్బు జారింది. తివాచీ మీద అది ఒక్క క్షణం. ఆ క్షణంతోనే స్వర్ణం ఆమెకు దూరమైపోయింది.

పోటీ లోబాచ్, దునావ్‌స్కాల మధ్యకు వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోబాచ్ అప్పటిదాకా ప్రపంచ ఆల్‌రౌండ్ టైటిల్ గెలిచిన మనిషి కాదు. పేరున్న బల్గేరియా అమ్మాయిల పక్కన ఆమె మీద చూపులు తక్కువగానే పడ్డాయి. సియోల్‌లో ఆమె మెత్తగా, తొందరపడకుండా, ఒక్క అడుగు కూడా అటూ ఇటూ పడకుండా ఆడింది. ప్రాథమిక రౌండ్లో 40కి 40, ఫైనల్లో 40కి 40. చివరి స్కోరు 60.000. ఇక దాని పైన ఎవరూ వెళ్లలేరు, కలిసి నిలబడటమే సాధ్యం. దునావ్‌స్కాది 59.950. ఒక పాయింటులో ఇరవయ్యో వంతు తేడా. టిమోషెంకో 59.875తో కాంస్యం తీసుకుంది. పానోవా 59.725తో నాలుగో స్థానంలో ఆగిపోయింది.

ఈ ఫలితం మీద అభిమానుల వాదన ఇప్పటికీ చల్లారలేదు. కష్టమైన విన్యాసాలు, కొత్త ఊహలు బల్గేరియా అమ్మాయిల వైపే ఎక్కువ ఉన్నాయన్నది ఒక పక్షం. అందులో నిజం ఉంది. ఆనాటి నియమావళి ప్రకారం మాత్రం లోబాచ్ గెలుపును తప్పుపట్టే చోటు లేదు. ఆమె ఏ తప్పూ చేయలేదు. మిగతా ముగ్గురి దగ్గరా చిన్నదో పెద్దదో తప్పు ఉంది. రొబేవా జీవితమంతా నమ్మిన జూదంలో గెలుపు ఎంత అందంగా ఉంటుందో వార్నా చూపించింది. ఓటమి ఎంత చిన్న దూరంలో ఉంటుందో సియోల్ చూపించింది. దునావ్‌స్కా తెచ్చిన రజతం రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో బల్గేరియాకు మొదటి ఒలింపిక్ పతకం. ఇంకే దేశమైనా ఊరేగింపు తీసి పండగ చేసుకునే పతకమది. స్వర్ణానికి అలవాటు పడిన సోఫియాలో దానికి దక్కాల్సినంత సంతోషం దక్కలేదు.

ఒక ఒలింపిక్స్ నుంచి మరో ఒలింపిక్స్ దాకా నియమావళిని తిరగరాయడం సమాఖ్య అలవాటు. సియోల్ తర్వాత పదిని అందుకోవడం కష్టతరం చేయాలన్న ఆలోచన బలపడింది. ఒకే వాద్యం నియమం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. రొబేవా పదేళ్లుగా ఏ కొలతలకు తగ్గట్టు తన జట్టును మలిచిందో ఆ కొలతలే మారిపోతున్నాయి. దేశం కింద నేల కూడా కదులుతోంది. 1989 నవంబరులో జివ్కోవ్ గద్దె దిగాడు. అమ్మాయిలను ఏరి, తిండిపెట్టి, విమానం ఎక్కించిన ప్రభుత్వ యంత్రాంగం దగ్గర అంతలోనే డబ్బు లేకుండా పోయింది. కోచ్‌లు ఒక్కొక్కరే పడమటి దారి పట్టారు.

వారిలో కొందరు అప్పటికే వెళ్లిపోయి ఉన్నారు. బల్గేరియాలో పుట్టిన ఎమీలియా బోనేవా 1980ల తొలినాళ్ల నుంచి మాడ్రిడ్‌లో స్పెయిన్ జట్టును తయారు చేస్తూ వచ్చింది. 1991లో ఏథెన్స్ ప్రపంచ పోటీల్లో బృంద స్వర్ణాన్ని బల్గేరియా చేతిలోంచి లాక్కున్నది ఆమె జట్టే. సరాజెవోలో టిమోషెంకో ప్రపంచ టైటిల్ గెలవడం, ఖజానా ఖాళీ అయిన దేశంలో మరియా పెట్రోవా 1993 నుంచి వరసగా మూడేళ్లు ప్రపంచ విజేతగా నిలవడం, 1996లో అట్లాంటాలో బృంద పోటీ మొదటిసారి ఒలింపిక్స్‌లో చేరినప్పుడు బోనేవా పెంచిన స్పెయిన్ స్వర్ణం, బల్గేరియా రజతం అందుకోవడం వచ్చే భాగంలో.